దద్దావా లేని పులుసు

నైజీరియాలోని కానోలో తల్లి చనిపోయిందన్న కబురు వచ్చేనాటికి హవ్వాకు ఎనిమిదో నెల. విమానం ఎక్కకూడదని దవాఖానాలో గట్టిగా చెప్పారు. చెల్లెలి ఏడుపు ఫోనులోనే వింది. సాయంత్రానికి మట్టి కూడా ఇచ్చేశారు.

హవ్వా భర్త సోహైల్ బోరుబండి మెకానిక్కు. పనికని నైజీరియా వెళ్లి, అక్కడే ఆమెను నిఖా చేసుకుని, ఖానాపురం హవేలి అనే ఊళ్లో ఉన్న తల్లి ఇమాంబీ దగ్గరికి తీసుకొచ్చాడు. పోయినామెను అతను తప్ప ఆ వీధిలో ఎవరూ ఎరగరు. అతనేమో బోరుబండితో ఊళ్లు తిరుగుతున్నాడు. ఎవరితో చెప్పుకుని ఏడవాలో హవ్వాకు తెలియలేదు.

శుక్రవారం పోయినామె పేరున ఫాతిహా చదివించి, అమ్మ చేసే మియాన్ తౌషె నలుగురికీ పెడదామనుకుంది. అది గుమ్మడికాయ పులుసు. గుమ్మడికాయ, పల్లీలు, గోంగూర అన్నీ ఇక్కడా దొరుకుతాయి. దొరకనిది దద్దావా. గింజలు ఉడికించి, మగ్గబెట్టి చేసే ముద్ద అది. ముక్కు మూసుకునేంత కంపు. ఆ కంపు పడితేనే పులుసుకు అమ్మ చేతి రుచి.

సోయా గింజలతోనూ చేయొచ్చని చెల్లెలు చెప్పింది. అడవి ఊళ్ల నుంచి ఆకులు తెచ్చి అమ్మే జంపక్క దగ్గర హవ్వా మోదుగాకులు కొంది.

"గీ ఆకులల్ల ఏం కడ్తవ్ బిడ్డా?"

"మా అమ్మ కూరలోకి."

"అమ్మ ఏడుంటది?"

హవ్వా ఆకులు తీసుకుని వచ్చేసింది.

ఉడికిన గింజలు పొట్లం కట్టి, దుప్పటి కప్పి, వంటింటి మూలన పెట్టింది. రెండో రోజుకు వాసన మొదలైంది. పని చేసుకుంటూనే మాటిమాటికీ ఆ మూలకు వెళ్లి నిలబడేది.

శుక్రవారం లేచేసరికి మూల కడిగి ఉంది.

"అత్తమ్మా, ఇక్కడి పొట్లం ఏది?"

"గా పొట్లమా? కుళ్లిపోయింది బిడ్డా. కడుపుతోని ఉన్నదానివి, గా కంపుకు వాంతులైతయని మోరీల పారేసిన."

హవ్వా వాకిట్లోకి వెళ్లి చూసింది. మోరీలో నీళ్లు పారుతున్నాయి, అంతే.

కోడలి ముఖం చూసి ఇమాంబీ కంగారు పడింది. "నాకు తెల్వది బిడ్డా! ఏందది? మల్ల చేద్దాం, గింజలు నేనే తెప్పిస్త."

"వద్దు అత్తమ్మా. అందరినీ ఇవ్వాళే రమ్మన్నాం."

ఇమాంబీ పల్లీలు నూరింది. హవ్వా పులుసు కలిపింది. ఫాతిహా అయ్యాక ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూర్చుని తృప్తిగా తిన్నారు.

"మన గోంగూర లెక్కనే ఉందే!" అంది ఇమాంబీ సంబరంగా. "మీ దేశం కూర గిట్లుంటదా? నేనేందో అనుకున్న."

హవ్వా ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నిజమే, గోంగూర. పళ్లెం పక్కకు జరిపింది.

అందరూ వెళ్లాక చెల్లెలు వీడియో కాల్ చేసింది. గిన్నె చూపించమంది. అడుగున మిగిలిన ఎర్రటి పులుసు చూడగానే నోరు తలముసుగు చెంగుతో కప్పుకుని ఏడ్చింది.

"అక్కా, అచ్చం అమ్మ చేసినట్టే ఉంది. వాసన కూడా అలాగే ఉందా?"

"అలాగే ఉంది," అంది హవ్వా.

ఫోను పెట్టేసింది. గిన్నె పెరట్లోకి తీసుకెళ్లి, మిగిలింది పారబోసి, తోమడం మొదలుపెట్టింది.