సబ్బు తాగిన గిన్నెలు

మంచు పట్టిన మెట్ల మీద జారి మాల్‌సున్ కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. దాంతో కొరియాలోని సున్‌చాంగ్ ఊరి బస్టాండు వెనక తన హోటల్లో పొయ్యిని కోడలికి అప్పగించక తప్పలేదు. కోడలు సోల్‌హీ పెళ్లయి వచ్చినప్పటి నుంచీ బల్లలు తుడిచింది, ముల్లంగి తరిగింది, వడ్డించింది. పులియబెట్టిన సోయా ముద్దతో పులుసు కాచే ఆ నల్లటి మట్టిగిన్నెలను మాత్రం అత్త ముట్టుకోనిచ్చేది కాదు.

వారం తిరక్కముందే ఒక మధ్యాహ్నం, రోజూ వచ్చే టాక్సీ డ్రైవరు పిల్గు ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఏం పోశావమ్మా ఇందులో? నాలుక్కి తలంటు పోసినట్టుంది!"

పక్క బల్లవాళ్లు పకపకా నవ్వారు. సోల్‌హీ గిన్నె లోపలికి తెచ్చి చూసింది. అంచు చుట్టూ తెల్లటి నురగ.

కట్టు చేత్తో మాల్‌సున్ వెనక గదిలోంచి వచ్చి గిన్నె వాసన చూసింది.

"దేంతో తోమావే?"

"సబ్బుతోనే, అత్తయ్యా. అడుగున మడ్డి పట్టి ఉంటే సబ్బునీళ్లలో నానేశాను."

"అన్నీనా?"

"అన్నీ."

"మట్టే అది! తాగిందంతా కడుపులో దాచుకుని, మంట తగలగానే కక్కుతుంది. ఆ మాత్రం తెలీదూ?"

"ఎలా తెలుస్తుంది? నేను దగ్గరికొస్తే చాలు, మీరు అటు తిరిగి తోముకునేవారు."

మాల్‌సున్ గిన్నె కింద పెట్టింది. ఒకప్పుడు తన అత్త ఈ గిన్నెలు తోమడం తనకు నేర్పింది. నేర్పిన ఏడాదే ఆ ముసలామె వెనక గదికి చేరింది. ఆ తర్వాత ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు, మాల్‌సున్ కూడా. ఆ మాట కోడలితో అనలేదు.

"ఇవాళ్టికి మూసేశామని చెప్పు. బియ్యం కడిగిన నీళ్లు పారబొయ్యకు," అంది.

ఆ నీళ్లు గిన్నెల్లో పోసి సన్నటి సెగ మీద మరిగించారు. పారబోసి మళ్లీ పోశారు. నురగ రావడం ఆగేదాకా అదే పని. మధ్యలో సోల్‌హీ తొందరపడి వేడి గిన్నెలో చన్నీళ్లు పోసింది. టప్పుమని పగిలింది.

"చల్లారనివ్వద్దూ?"

"ముందే చెప్పొచ్చుగా!"

"అడగొచ్చుగా!"

ఇద్దరూ నవ్వలేదు. తర్వాతి గిన్నె దింపబోతూ మాత్రం సోల్‌హీ అడిగింది. తడిబండ మీద పెట్టొద్దని, లోపల చెమ్మ ఆరేదాకా బోర్లించొద్దని, ఇకమీదట గోరువెచ్చటి నీళ్లూ మెత్తటి పీచూ చాలని మాల్‌సున్ చెప్పింది. చెబుతున్నంతసేపూ కోడలి ముఖం వైపు చూడలేదు.

మర్నాడు పిల్గు గిన్నె ఖాళీ చేసి, ఇంకాస్త అన్నం అడిగాడు.

చలి తగ్గాక కట్టు విప్పారు. పొద్దున్నే మాల్‌సున్ పొయ్యి దగ్గరికి వెళ్లింది. అక్కడ సోల్‌హీ ఉంది, పక్కకి తప్పుకోలేదు.

"జాగ్రత్త అత్తయ్యా, కాలుతుంది."

మాల్‌సున్ ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత స్టూలు లాక్కుని వెల్లుల్లి ఒలవడానికి కూచుంది. మణికట్టు ఇంకా సలుపుతూనే ఉంది. ఒక్కోరోజు సోల్‌హీ రుచి చూడమని చెంచా చాపుతుంది. ఒక్కోరోజు పని హడావిడిలో మరిచిపోతుంది. అలాంటప్పుడు మాల్‌సున్ గుర్తు చెయ్యదు.