వెనక వరసలో మూడో చెండ

చాత్తుణ్ణి నాయర్ పక్కకు ఒత్తిగిలి, కాళ్లు రెండూ కలిపి మంచం మీంచి కిందికి జార్చి, అరచేత్తో పట్టెను నొక్కి మెల్లగా లేచి కూర్చున్నాడు. మంచం దిగడానికి ఇంత తతంగం ఉందని మెడికల్ కాలేజీలో వ్యాయామాలు చేయించే అమ్మాయి నేర్పింది. అరవై ఒకటో ఏట మొగుడు లేచి కూర్చోవడం నేర్చుకుంటున్నాడని తంకమణి మొదట్లో నవ్వేది. ఈమధ్య నవ్వడం మానేసింది.

కూర్చున్నాక రెండు కాళ్ల బొటనవేళ్లనూ పైకెత్తాడు. కుడిది చటుక్కున లేచింది. ఎడమది కాసేపు ఆలోచించుకుని లేచింది.

"లేచిందా?" వంటింట్లోంచి కేకేసింది తంకమణి.

"లేచింది."

"ఎప్పట్లాగేనా?"

"వేలు లేవడంలో రకాలుంటాయా ఏంటి!"

ఉంటాయి. ఆ సంగతి అతనికీ తెలుసు. నడుము కింది ఎముకల మధ్య మెత్త జారి, ఎడమకాలికి పోయే నరాన్ని నొక్కుతోందని డాక్టరమ్మ ఫొటో చూపించి మరీ చెప్పింది. "ఆపరేషన్ చేస్తే కాల్లోకి దిగే నొప్పి తగ్గుతుంది, నడుం నొప్పి పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేను. తొందరేం లేదు, చాలామందికి వ్యాయామంతోనే సర్దుకుంటుంది. కానీ ఆ వేలు లేవని రోజున మాత్రం ఇంకేం ఆలోచించకుండా వచ్చేయండి. ఆలస్యమైతే పాదం వాలిపోతుంది," అంది.

ఆ తర్వాత కుంజిరామన్ వైద్యుడి దగ్గరికి వెళ్లాడు. నడుము మీద పిండితో గట్టు కట్టి వెచ్చటి నూనె పోస్తాననీ, ఆకుల మూటలతో కాపడం పెడతాననీ ఆయన చెప్పాడు. చికిత్స ఇరవై ఒక్క రోజులు, దాని తర్వాత పథ్యంతో మంచాన పడి ఉండేది ఇంకో ఇరవై ఒక్క రోజులు. మేళంలో తాళాలు మోగించే ముకుందన్ అయితే తన బావమరిదికి ఆపరేషనయ్యాక నెలకే పరుగెత్తాడనీ, వాళ్ల పినమామకు ఆపరేషనయ్యాక ఇంకా నొప్పేననీ ఒకే ఊపిరిలో చెప్పాడు. గుడి మేళాల్లో చెండ డోలు భుజాన వేసుకుని వాయించే చాత్తుణ్ణి అందర్నీ చివర్లో ఒకే మాట అడిగాడు: "మళ్లీ చెండ ఎత్తొచ్చా?" డాక్టరమ్మ పెదవి విరిచింది. వైద్యుడు కళ్లు మూసుకున్నాడు. వ్యాయామాల అమ్మాయి, "అది ఎంత బరువుంటుంది అంకుల్?" అని అడిగి, జవాబు విని నోరు తెరిచింది. రోగి కోరిందీ పాలే వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు. ఆ అదృష్టానికి చాత్తుణ్ణి నోచుకోలేదు.

"మీరు నడుముకి మందడుగుతున్నారా, చెండకా?" అని తంకమణి ఒకసారి దులిపేసింది. ఆమె అన్నదే నిజం.

నిజానికి అతనేమంత గొప్ప వాయిద్యగాడు కాదు. మేళంలో ముందు వరసవాళ్లు రెండు పుల్లలతో జతులు కురిపిస్తారు. జనం చేతులు గాల్లోకి లేపేదీ వాళ్లను చూసే, ఫొటోలు తీసేదీ వాళ్లనే. వెనక వరసవాళ్ల పని చెండ మందపాటి మూత మీద ఒక్క పుల్లతో తాళం కొట్టడం. ముప్పై ఎనిమిదేళ్లుగా చాత్తుణ్ణి చోటు ఎడమనుంచి మూడోది. ఉత్సవాల కరపత్రాల్లో అతని పేరు ఏనాడూ పడలేదు. "మరియు ఇతరులు" అన్న చోట ఉండేవాడు. ఎడమ భుజం మీద పట్టీ ఒరిసి ఒరిసి వేలెడు గాడి పడింది. నించున్నప్పుడు కూడా మనిషి కాస్త ఒక పక్కకు ఒరిగే ఉంటాడు, కనపడని బరువేదో మోస్తున్నట్టు.

గంజి, పెసలకూర తిని, అప్పడం ముక్క నోట్లో వేసుకుని బయల్దేరాడు. మధ్యాహ్నం మేళం పక్క ఊళ్లోనే. బస్సులో కూర్చోకుండా కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కూర్చుంటే కాల్లోకి మంట దిగుతుంది.

బృందం చెండలన్నీ అప్పటికే జీపులో వచ్చి గుడి భోజనశాల వరండాలో బారుగా ఉన్నాయి. చాత్తుణ్ణి తనదాని దగ్గర గొంతుక్కూర్చోబోయి, మానుకుని, చెండనే గట్టు మీదికి ఎత్తుకున్నాడు. అటూ ఇటూ చూసి పట్టీ ముడి విప్పి, రెండు వేళ్లు పైకి జరిపి కట్టాడు. ఇది అతని సొంత వైద్యం. చెండ రెండు వేళ్లు పైకొస్తే నడుము వంచే పని ఉండదని వారం రోజులు ఆలోచించి కనిపెట్టాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు!

"ఏంటన్నా, పెళ్లికొడుకులా నిటారుగా నిలబడ్డావ్?" ముకుందన్ వెనకనుంచి అన్నాడు.

"నీ కళ్లు పడి పడి మళ్లీ వంగిపోతుంది, ఊరుకో."

"చెండ దించేసి నా పక్కకి వచ్చెయ్యరాదూ. తాళాలు రెండూ కలిపి ఓ సొరకాయంత బరువుండవు."

"నీ పక్కన నిలబడితే నడుంతోపాటు చెవులు కూడా పోతాయి."

ఎండ మండిపోతోంది. మూడు ఏనుగుల ముందు అందరూ వరసలు కట్టారు. ముందు వరస మధ్యలో శేఖర ఆశాన్ చెండ సర్దుకున్నాడు. మేళానికి గురువూ పెద్దా ఆయనే. ఆయన చెయ్యి లేస్తే నూరు చేతులు లేస్తాయి. ముప్పై ఎనిమిదేళ్లలో చాత్తుణ్ణితో ఆయన మాట్లాడింది "వచ్చావా", "తిన్నావా" అన్నంతవరకే. వాయింపు గురించి ఒక్క మాట లేదు. చాత్తుణ్ణికి ఆ బాధ లోపల్లోపల ఉండేది. తను లేకపోయినా ఎవరికీ తెలియదని కొన్ని మధ్యాహ్నాలు అనిపించేది.

పంచారి మేళంలో అయిదు కాలాలు, ఒకదాన్ని మించి ఒకటి వేగం. మొదటి కాలం విలంబంగా గంటసేపు సాగింది. నడుము నొప్పెట్టలేదు! చాత్తుణ్ణి లోపల పొంగిపోయాడు. డాక్టర్లూ వైద్యులూ చేయలేనిది ముడి చేసింది. రెండో కాలం, మూడో కాలం గడిచాయి. చెండ పైకొచ్చిందేమో, దెబ్బ దెబ్బకీ మోచేయి ఎత్తాల్సి వచ్చి భుజం బరువెక్కుతోంది. నాలుగో కాలంలో పళ్లు బిగించాడు. అయిదో కాలంలో మేళం పరుగందుకుంది. జనం చేతులు గాల్లో అలల్లా ఊగుతున్నాయి. పుల్ల లేచి దిగేసరికి రవ్వంత ఆలస్యమవుతున్నట్టు అనిపించింది. అప్పుడే ఎడమ పాదం కింద మట్టి చల్లగా, మెత్తగా, లేనట్టుగా అయింది. నొప్పి లేదు. అసలేమీ లేదు. మేళం ముగిసేదాకా చెండ దించకూడదు, దించలేదు.

ముగిశాక వరండాలో చెండ దించి, గోడకు చేరగిలపడ్డాడు. పాదం ముందుకు చాచి బొటనవేలిని ఎత్తాడు. వేలు కదల్లేదు. మళ్లీ ఎత్తాడు. దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

మెడలో తువ్వాలుతో శేఖర ఆశాన్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. చాత్తుణ్ణి లేవబోయాడు.

"కూర్చో. ముడి మార్చావా?"

చాత్తుణ్ణి పక్కనున్న చెండ వైపు చూశాడు. "ఆశాన్ చూశారా?"

"వీపు వెనకది నాకెలా కనిపిస్తుందయ్యా? విన్నాను. అయిదో కాలంలో నీ దెబ్బ వెంట్రుకవాసి వెనకబడింది."

"ఇంతమందిలో నాదని..."

"ముప్పై ఎనిమిదేళ్లుగా దానికే ఆనుకుని వాయిస్తున్నా. నీవైపు తిరిగి చూడలేదని నీకు కోపం కూడా ఉండి ఉంటుంది. గోడకి ఆనుకున్నవాడు గోడ ఉందా లేదా అని మాటిమాటికీ తిరిగి చూస్తాడా?"

అది చాత్తుణ్ణి ఎన్నాళ్లుగానో విందామనుకున్న మాట. వినడానికి దొరికిన రోజు ఇదా! కళ్లు తుడుచుకున్నాడు, ఎవరేమనుకుంటే నాకేం అన్నట్టు.

"వేలు లేవడంలేదు ఆశాన్," అన్నాడు. "లేవకపోతే ఆలోచించకుండా వచ్చేయమంది డాక్టరమ్మ."

ఆశాన్ ఒంగి ఆ వేలిని తన వేళ్లతో ఎత్తి వదిలాడు. అది వాలిపోయింది. "జీపులో చెండలు ఎక్కించకండి," అని అరిచాడు. "వెనక సీటు ఖాళీ చెయ్యండి. మనిషిని పడుకోబెట్టాలి. ముకుందా, నువ్వెళ్లి తంకమణిని తీసుకుని ఆస్పత్రికే రా."

"ఆపరేషనయ్యాక చెండ ఎత్తనివ్వరు," అన్నాడు చాత్తుణ్ణి.

"నడవనిస్తారుగా. నడిచి వచ్చి నా ముందు నిలబడి విను. ఇన్నాళ్లూ కొట్టావేగానీ, మేళం ముందునుంచి ఎప్పుడైనా విన్నావా నువ్వు?"

వినలేదు. అతనికి ఆ ఊహే రాలేదు.

ఇద్దరు చెరో రెక్క పట్టుకుని లేపారు. రెండడుగులు వేసి చాత్తుణ్ణి ఆగాడు. "ఒక్క నిమిషం. ఇదొక్కటి సరిచేసి వస్తాను." కూర్చోకుండా చెండను గట్టు మీద పెట్టించుకుని, ముడి విప్పి, రెండు వేళ్లు కిందికి దించి బిగించి కట్టాడు. పుల్లను తాళ్ల మధ్య దోపాడు. తర్వాత జీపెక్కి, నేర్పించినట్టే పక్కకు ఒత్తిగిలి పడుకున్నాడు.

వరండాలో చెండలు బారుగా ఉండిపోయాయి. మూడోదాని పట్టీ ఇంకా చెమటకు తడిగా ఉంది. ముడి పాత చోటే ఉంది, దానికి రెండు వేళ్ల పైన మాత్రం ఒక కొత్త ముడత.