ఎలీసమ్మ ఎందుకు పరిగెత్తింది

రొయ్యల ఫ్యాక్టరీలో ఎలీసమ్మ జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుందని భావనపాడులో అందరికీ తెలుసు. ఎందుకు పరిగెత్తిందో మాత్రం ఆమెకీ, లైనులో ఆమె పక్కన నిలబడి రొయ్యలు ఒలిచే బుల్లమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు.

కొత్త మేనేజరు ఉపేంద్ర వచ్చాక ఒక రూలు పెట్టాడు. భోజనం బెల్లు కొట్టేదాకా ఎవరూ లైను వదలకూడదు. బాత్రూముకి వెళ్లాలంటే సూపర్‌వైజరు అనూరాధ దగ్గరున్న టోకెను తీసుకోవాలి. లైనంతటికీ ఒక్కటే టోకెను. అడిగినవాళ్లకి నలుగురిలో చీవాట్లు. ఆడవాళ్లు పొద్దున్నే మంచినీళ్లు తాగడం మానేశారు. ఎలీసమ్మా మానేసింది. కాని ముగ్గురు పిల్లల్ని కన్న ఒళ్లు, పైగా ఐసు నీళ్లలో నిలబడే పని. ఆ రోజు ఆమె టోకెను అడిగింది, మళ్లీ అడిగింది. మేనేజరు అద్దాల గదిలోంచి చూస్తున్నాడని అనూరాధ తల అడ్డంగా ఊపింది. కాసేపటికి ఎలీసమ్మకి ఇక ఆగలేదు. గంబూట్లలోకి వెచ్చగా జారింది. ఎవరి కంటైనా పడుతుందేమోనని తలుపు వైపు పరిగెత్తింది. తడి నేల మీద కాలు జారి, చెయ్యి ఒంటికింద నలిగేలా పడిపోయింది.

బుల్లమ్మ వెనకే వచ్చి, లేపకముందే, పక్కనున్న ఐసు నీళ్ల బకెట్టు ఆమె మీద ఒలకబోసింది. ఎలీసమ్మే బకెట్టు తన్నుకుని పడి తడిసిందనుకున్నారు అందరూ.

ఎముక అతుక్కుంది గాని వేళ్లు పూర్తిగా మూసుకోవడం లేదు. రొయ్య పట్టుకోలేని మనిషి మాకెందుకంది కంపెనీ. పరిగెత్తి పడటం ఆమె తప్పేనంది. చర్చి పాస్టరు చూపించిన వకీలు జగన్నాధం, శ్రీకాకుళంలో కార్మిక శాఖ అధికారి ముందు నష్టపరిహారం కేసు వేశాడు.

మొదటి వాయిదాకి ఆమె మొగుడు ఏసురాజు పడవ పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వెనక బెంచీ మీద కూర్చున్నాడు.

"పరిగెత్తకూడదని గోడ మీద బోర్డుంది. చదవడం వచ్చా?" అన్నాడు కంపెనీ వకీలు.

"వచ్చు బాబూ."

"మరెందుకు పరిగెత్తావు?"

ఎలీసమ్మ వెనక బెంచీ వైపు చూసింది. "కళ్లు తిరిగినాయి బాబూ."

"కళ్లు తిరిగినవాళ్లు కూలబడతారమ్మా, పరిగెత్తరు." ఎవరో నవ్వారు. అధికారి వాయిదా వేశాడు.

తిరిగొచ్చే బస్సులో ఏసురాజు గొంతు తగ్గించి అడిగాడు. "ఆ మేనేజరు నీమీద సెయ్యేటైనా ఏసినాడా?"

"నేదు మావా! అలగేటీ నేదు."

"మరేటి దాస్తన్నావే?"

మొగుడి మనసులో ఏం తిరుగుతోందో ఆమెకి తెలిసింది. అసలు సంగతి దానికంటే ఎంతో చిన్నది. అయినా ఆ చిన్న మాట ఆయన మొహం చూసి చెప్పలేకపోయింది. పసిపిల్లలా బట్టలు తడుపుకున్నానని ఏ నోటితో చెప్పడం?

రెండో వాయిదాలో అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. ఎలీసమ్మ ఈసారి వెనక్కి చూడలేదు. బల్ల మీద అధికారి పెన్ను వైపు చూస్తూ చెప్పింది.

"టోకెనివ్వమని అడిగినాను బాబూ, ఇవ్వనేదు. ఇంక ఆగనేదు. నిలబడ్డ సోటే అయిపోనాది. ఎవులైనా సూస్తారని లగెత్తినాను." చివరి మాట ఎవరికీ వినపడలేదు. అధికారి మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పవలసి వచ్చింది. చెవులు కాలిపోయాయి. గదిలో ఎవరూ నవ్వలేదు.

కంపెనీ తరఫున వచ్చిన ఉపేంద్ర లేచాడు. "పని ఆగకూడదని పెట్టిన పద్ధతి సార్. అది మేనేజ్‌మెంటు నిర్ణయం."

"ఎన్ని టోకెన్లమ్మా?" అని అధికారి, సాక్ష్యానికి వచ్చిన అనూరాధని అడిగాడు.

ఆమె తలెత్తలేదు. "ఒక్కటే సార్."

బయటికొచ్చాక ఏసురాజు ముందు నడిచాడు. ఎలీసమ్మ అతని మడమల్ని చూసుకుంటూ వెనక నడిచింది. బస్టాండులో ఆమెని కూర్చోబెట్టి ఎటో వెళ్లి, కాసేపటికి నీళ్ల సీసాతో వచ్చాడు.

"తాగు. బస్సుకింకా టైమున్నాది." తర్వాత వేరే దిక్కు చూస్తూ అన్నాడు. "ఆడోల్ల బాత్రూము ఆ సివరనున్నాది. సూసొచ్చినాను."

అధికారి ముందు ఏడవనిది, ఆ మాటకి ఏడ్చింది.

కొన్నాళ్లకి తీర్పు వచ్చింది. ఆమె పరుగుకి కారణం కంపెనీ పెట్టిన రూలేననీ, ఆ దెబ్బ ఉద్యోగంలో తగిలిన దెబ్బేననీ, పరిహారం ఇవ్వాలనీ రాశారు. జగన్నాధం ఫోను చేసి చదివి వినిపించాడు. 'మూత్రవిసర్జన' అన్న మాట దగ్గర ఎలీసమ్మ ఫోను మొగుడి చేతికిచ్చి వాకిట్లోకి వెళ్లిపోయింది.

ఆదివారం చర్చి బయట బుల్లమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "టోకెను తీసేసినారే. ఇప్పుడు ఎవులికి అవసరమైతే ఆళ్లు ఎల్తన్నారు." నవ్వు ఆపుకోలేక ఇంకా చెప్పింది. "బాత్రూముకని అనడంనేదే ఎవులూ. 'ఎలీసమ్మకి ఎల్లొస్తాను' అంటన్నారు లైనంతా!"

ఎలీసమ్మ మొహం కందిపోయింది. "సీ! ఆ పేరొద్దని సెప్పవే."

"నానేటి సెప్పగలనే? సూపర్‌వైజరమ్మ కూడా అలాగే అంటన్నాది."

ఎలీసమ్మ కొంగు తలమీదికి లాక్కుని లోపలికి వెళ్లి, ఆడవాళ్ల చాప మీద అందరికన్నా వెనక కూర్చుంది. పాట మొదలైంది. ఆమె తలెత్తకుండానే పాడింది.