అడుగున మిగిలిన గుక్క

హోటల్ వాళ్లు మామగారి ముందు చెంచాతో పాటు, చైనావాళ్లు తినడానికి వాడే రెండు పుల్లలు పెట్టారు. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పడేశారు.

"వీటితో తినేలోపు ఆకలి చచ్చిపోతుందమ్మా."

కోడలు నవ్వేసింది. నాలుగు దేశాల వంటల్ని ఒకే పళ్ళెంలో కూర్చోబెట్టే గొప్ప హోటలు అది. పళ్ళెం చూస్తే చేటంత, అందులో తిండి చూస్తే చిటికెడు. దీపాల దగ్గర మరీ పిసినారితనం, ఎదుటివాళ్ల మొహం కనబడాలంటే ముందుకు వంగాలి. ఆమె భర్త ఇక్కడే చెఫ్‌గా ఉండేవాడు. పోయిన ఏడాది ఈ వంటింట్లోనే పొయ్యి ముందు కుప్పకూలి ప్రాణం వదిలాడు.

కొడుకు బతికుండగా పెద్దాయన ఈ గుమ్మం తొక్కలేదు. గరిటె తిప్పడం కూడా ఒక ఉద్యోగమేనా అని మొండికేశారు. వాడు పోయాక తిండి సయించక ఎముకల గూడైపోయారు. "వాడి చేతి వంట ఒక్కసారైనా తినలేదు" అని గోడకేసి చూస్తూ గొణుక్కునేవారు. అది వినలేక కోడలు ఒక అబద్ధం ఆడింది.

ఈ హోటల్లో సూప్ కాచే గుండిగను ఎప్పుడూ ఖాళీ చేయరు. తీసినంత నీళ్లు, దినుసులు మళ్ళీ కలుపుతూ పోతారు. "మీ అబ్బాయి కాచిన సూపు ఇంకా అందులోనే ఉంది మామయ్యా" అంది. నిజానికి కొత్త చెఫ్ వచ్చిన రోజే అదంతా పారబోయించి గుండిగ తోమించేశాడు. ఆ సంగతి ఫోన్లో చెప్పింది అతనే. పెద్దాయన దగ్గర నోరు జారవద్దని ఆమె బతిమాలుకుంది.

సూపు రెండు గిన్నెల్లో వచ్చింది. ఆమె తనది రుచి చూసింది. బాగానే ఉంది గానీ, భర్త జాడ మాత్రం లేదు.

మామగారు ఒక చెంచా తాగి ఆగిపోయారు. అబద్ధం బయటపడిందనుకుంది ఆమె.

"అల్లం కాల్చి వేశాడు" అన్నారాయన మెల్లగా. "మీ అత్తయ్య ఇలాగే చేసేది. మంట మీద నల్లగా కాల్చి, చితక్కొట్టి వేసేది. వీడు కొంగు పట్టుకుని చూస్తూ ఉండేవాడు."

"అవునా మామయ్యా."

"నమ్మినట్టు తలూపకు. తాగి చూడు."

ఆమెకు భయమేసింది. ఆ రుచి లేకపోతే తన మొహమే పట్టిచ్చేస్తుంది. తప్పక ఆయన గిన్నెలో చెంచా ముంచి నోట్లో పెట్టుకుంది. మాడిన అల్లం ఘాటు ముక్కుకెక్కింది. పని నుంచి వచ్చిన భర్త చొక్కాకు అంటుకుని ఉండే వాసన. గబగబా తన గిన్నె మళ్ళీ రుచి చూసింది. అందులో ఏమీ లేదు.

ఎలా ఉందో కనుక్కోవడానికి చెఫ్ వచ్చాడు.

"అల్లం కాల్చి వేస్తారా?" అని ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"లేదండీ. దీంట్లో అసలు అల్లమే వెయ్యం."

పెద్దాయన ఆ మాట వినలేదు. ఎన్నాళ్ల ఆకలో, జుర్రుకుంటున్నారు. ఆమె ఇంకో గిన్నె తెప్పించి, ఆయన కంటే ముందు తనే తాగి చూసింది. మామూలు సూపు. ఆయన కూడా ఒక చెంచా తాగి కింద పెట్టేశారు.

"వెళ్ళిపోయాడు. నేను తిన్నానని చూసుకుని వెళ్ళాడు."

ఆమెకు ఉక్రోషం ముంచుకొచ్చింది. అతని చొక్కా ఉతక్కుండా దాచుకుంది తను. ఏడాదిగా ఒక్క కలలోకైనా రాలేదు ఆ మనిషి. గడప తొక్కని తండ్రి కోసం మాత్రం పరిగెత్తుకొచ్చాడు.

"నా కోసం రాలేదు మామయ్యా" అంది. కళ్ళనీళ్లు ఆగలేదు.

ఆయన మొదటి గిన్నెను ఆమె ముందుకు జరిపారు. అడుగున ఒక్క గుక్క మిగిలి ఉంది.

"మొత్తం తాగేసేవాణ్ణే. ఈ ఒక్క గుక్కా గొంతు దిగనంది. నీ వాటా అని ఎవరో చెయ్యి పట్టుకున్నట్టయింది. తాగమ్మా, ఈపాటికి చల్లారిపోయుంటుంది."

ఆమె రెండు చేతులా గిన్నె పట్టుకుంది. అది అప్పుడే పొయ్యి మీంచి దించినట్టు కాలుతోంది.