చాయ్‌తో పాటు హెంగిస్టు కథ

తన నోరే తనకు శత్రువని శివరామకృష్ణకు బాగా తెలుసు. పటాన్‌చెరులో ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు చరిత్ర చెబుతున్నాడు. క్లాసంతా కునికిపాట్లు పడుతున్నా పాఠాన్ని మధ్యలో ఆపిన పాపాన పోలేదు. అందుకే ఆ ఆదివారం పొద్దున్నే భార్య, "వాళ్లున్నంతసేపూ ఎండల గురించి తప్ప ఇంకేం మాట్లాడకండి" అని ఒట్టు వేయించుకుంది.

వస్తున్నది గడ్డపోతారం రైతు పెంటయ్య, ఆయన భార్య నర్సింహమ్మ, కొడుకు ప్రవీణ్. ప్రవీణ్, శివరామకృష్ణ కూతురు సత్యశ్రీ ఒకే మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తూ ఇష్టపడ్డారు. ఆంధ్రోళ్ల పిల్ల వద్దని ఏడాదిపాటు భీష్మించుకు కూర్చున్న పెంటయ్య, ఎట్టకేలకు చూడటానికి ఒప్పుకున్నాడు. ఇప్పుడు చెడితే మళ్లీ ఈ గడప తొక్కడు.

సత్యశ్రీ చాయ్ తెచ్చి పెంటయ్యకు అందించింది. అంతే, శివరామకృష్ణకు పూనకం వచ్చేసింది.

"అచ్చం ఇలాగేనండీ! బ్రిటన్ రాజుకు రొవీనా పానపాత్ర అందించింది. ఆవిడ హెంగిస్టు కూతురు. హెంగిస్టు, హోర్సా అని సాక్సన్ యోధులు, అన్నదమ్ములు. శత్రువులతో పోరాడటానికి రాజే వాళ్లను సముద్రం అవతలి నుంచి పిలిపించుకున్నాడు. మా నాన్నగారు ఏలూరు నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయినట్టు!"

తన చమత్కారానికి తానే నవ్వుకున్నాడు. భార్య గట్టిగా దగ్గింది.

"తర్వాత ఏమైంది సారూ?" అన్నాడు పెంటయ్య.

అడిగిన విద్యార్థి దొరికితే ఆయన ఆగుతాడా! "రాజు ఆ పిల్లను చేసుకుని, మామగారికి కెంట్ రాజ్యం రాసిచ్చాడు. తర్వాత మామగారు విందుకు పిలిచి, రాజు మనుషుల్ని కత్తులతో పొడిపించి, మిగతా దేశం కూడా..."

వంటింట్లోంచి వీళ్ల విందు కోసం వండిన మటన్ కూర వాసన గుప్పుమంది. అప్పుడర్థమైంది తను ఏం చెప్పాడో. సత్యశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై ఏళ్లలో ఒక్కడూ వినని పాఠాన్ని ఈ మనిషి ఇవాళే ఇంత శ్రద్ధగా వినాలా!

"ఉత్త కథేనండీ, చరిత్రకారులు కూడా నమ్మరు" అని గొణిగాడు.

పెంటయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నేనైతే నమ్ముత సారూ. కొలువులొస్తయని మేం గూడ కంపెనీలను డప్పులు కొట్టి పిలిచినం. పొలమంత గా కంపెనీల పాలాయె. ఇగ మా తాన మిగిలింది గీ పోరడొక్కడే. వీణ్ని గూడ మీ దిక్కు గుంజుకుంటరా ఏంది?"

ఆయన ఏడాది పంతం వెనక ఉన్నది ఆ భయమే.

"లేదు మామయ్యా," అంది సత్యశ్రీ. "నేనే మీ ఇంటికొస్త. మీ తాననే ఉంటం."

పెంటయ్య భార్య వైపు చూశాడు. నర్సింహమ్మ లేచి, కుంకుమ అడిగి తీసుకుని, సత్యశ్రీ నుదుట బొట్టు పెట్టి దగ్గరికి తీసుకుంది.

"ఇగ గీమె మా బిడ్డ" అంది.

కూతుర్ని ఇచ్చేటప్పుడు హెంగిస్టు ఏడ్చాడని ఏ పుస్తకంలోనూ లేదు. శివరామకృష్ణకు మాత్రం ఏడుపు ఆగలేదు.