ఆ ఇంట్లో పదకొండు మంది

2022 ఏప్రిల్‌లో ఐర్లండ్‌లోని అత్లోన్‌ ఊళ్లో జనాభా లెక్కల పని సూర్యప్రభకు దొరికింది. పదేళ్లుగా కేరర్‌గా ముసలివాళ్లను లేపి, కూర్చోబెట్టి ఆమె నడుము పట్టేసింది. కొన్నాళ్లు ఇల్లిల్లూ తిరిగితే నడుముకు మంచిదనుకుంది. అక్కడి కుక్కలు అలా అనుకోలేదు.

నింపిన ఫారాలు వెనక్కి తీసుకునే వారంలో షానన్ నది అవతల మూడు బెడ్‌రూముల ఇంటికి వెళ్లింది. తలుపు తీసింది రాజ్‌కిరణ్ అనే కరీంనగర్ కుర్రాడు. మందుల కంపెనీలో పని. అతనిచ్చిన ఫారంలో నాలుగు పేర్లున్నాయి. గుమ్మంలో పదకొండు జతల బూట్లున్నాయి. పొయ్యి మీది అన్నం గిన్నె చిన్నపాటి పెళ్లికి సరిపోతుంది.

లెక్కల రోజైన ఆదివారం రాత్రి ఇంట్లో పడుకున్న ప్రతివాణ్ణీ రాయాలని, నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే ఇల్లు చేరినవాణ్ణీ వదలకూడదని ఆమె చెప్పింది. రాజ్‌కిరణ్ మొహం వాడిపోయింది.

"లీజుల నలుగురమే ఉన్నం ఆంటీ. ఓనర్‌కు తెలిస్తే అందర్నీ బయటికి గెంటుతడు."

"ఓనర్‌కే కాదు బాబూ, మా ఆయనక్కూడా చెప్పకూడదు. ప్రమాణం చేయించుకున్నారు."

మొగుడికి చెప్పకుండా దాచుకోవడానికి సర్కారువారే ఒక రహస్యం ఇవ్వడం ఆమెకు బాగానే ఉంది.

ఫారంలో ఆరుగురికే చోటు. ఇంకోటి తేవడానికి కారు దగ్గరికి వెళ్లేసరికి గేటు ముందు ఒకతను నిలబడి ఉన్నాడు. ఈ ఇంటి ఓనర్‌నని, పేరు బ్రెండన్ అని చెప్పాడు. ఆమె కొత్త ఫారాన్ని చంకలో నొక్కిపెట్టింది. ఎంతమందని అడిగితే అబద్ధం చెప్పకూడదు, నిజమూ చెప్పకూడదు. నోరు మూసుకోవాలి. అది ఆమెకు బొత్తిగా చేతకాని పని.

బ్రెండన్ ఆ ప్రశ్న అడగలేదు. వాన గురించి కాసేపు మాట్లాడి, గొంతు తగ్గించి, అద్దె ఎంతని రాశారో అడిగాడు. చెప్పకూడదంది.

"మరి ట్యాక్స్ వాళ్లు చూస్తారా?"

అప్పుడు అర్థమైంది ఆమెకు. ఈ అద్దె సంగతి బ్రెండన్ ఇంతవరకు ప్రభుత్వం చెవిన వేయలేదు. ఇంట్లో పదకొండు మంది భయపడుతున్నారనుకుంది, బయట పన్నెండోవాడున్నాడు.

"ఎవరూ చూడరు. మీ పేరు కూడా అందులో ఉండదు," అంది.

"గ్రాండ్, గ్రాండ్," అని ఐరిష్‌వాళ్ల పద్ధతిలో సరేనంటూ అతను ఇంటివైపు తలైనా తిప్పకుండా కారెక్కాడు.

లోపలికి వెళ్లి ఆమె ఆ ముచ్చట ఎత్తలేదు. కుర్రాళ్లంతా టేబుల్ చుట్టూ మూగి రాయడం మొదలుపెట్టారు. ఫారంలో జీతం అడగలేదని సమీర్ అనేవాడు చిన్నబుచ్చుకున్నాడు. పోయిన నెలే పెరిగిందట. జాతి ప్రశ్న దగ్గర బండి ఆగింది. ఇండియాకూ పాకిస్తాన్‌కూ బంగ్లాదేశ్‌కూ కలిపి ఒకటే గడి. రాజ్‌కిరణ్ దాన్ని వదిలేసి, 'ఇతరులు' దగ్గర తెలంగాణ అని రాశాడు.

సూర్యప్రభది తెనాలి. అడిగింది జాతినిగాని రాష్ట్రాన్ని కాదని నచ్చజెప్పబోయింది.

"మాకు రెండూ ఒకటే ఆంటీ," అన్నాడు.

తీర్పు చెప్పే పని తనది కాదనుకుని ఆమె ఫారాలు సంచిలో పెట్టుకుంది.

మరుసటి ఏడాది ఫలితాలు వచ్చాయి. ఆ పేటలో జనం బాగా పెరిగారనీ, కొత్త జంటలు కాపురాలు పెడుతున్నారనీ, పిల్లలకు వెంటనే పార్కు కావాలనీ ఒక కౌన్సిలర్ రేడియోలో వాదించాడు. పార్కు వచ్చింది. ఉయ్యాలలు ఎక్కువగా ఖాళీగానే ఉంటాయి. వాన లేని ఆదివారాల్లో రాజ్‌కిరణ్ వాళ్లు అక్కడ క్రికెట్ ఆడుతుంటారు.