తెర మీద సిగ్నల్

"లైటు ఎలుగుతున్నంతసేపూ హ్యాండిలు తిప్పుతూనే ఉండాలిరా చిన్నారావూ. సెయ్యి ఆగిందా, లైటు ఏడికి రీలు మాడిపోద్ది," అన్నారు మా గురూగారు.

గురూగారంటే డ్రైవరు మల్లేశ్వరరావు గారు. ఆయన ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ని నేను. విజయనగరం నుంచి పొట్ట చేత పట్టుకుని రాయపూర్ వచ్చిన నాకు నాలుగేళ్ళుగా పని నేర్పిందీ ఆయనే, పండగపూట అన్నం పెట్టిందీ ఆయన ఇల్లే. ఇప్పుడు నాకు యార్డులో పెట్టెలు అటూ ఇటూ మార్చే షంటరుగా ప్రమోషనొచ్చింది. మర్నాడు పొద్దున్నే బిలాస్‌పూర్ వెళ్ళిపోవాలి. నాకు చూపించకుండా పంపకూడదని, మూడేళ్ళుగా ట్రంకు పెట్టెలో మూలుగుతున్న సినిమా మిషను బయటికి తీశారు. స్వరాజ్యం వచ్చినప్పుడు సామాన్లు అమ్ముకుని పోయిన ఒక దొర దగ్గర కొన్నారట దాన్ని.

అది 1950 మే నెల, ఆదివారం మధ్యాహ్నం. సాయంత్రం ఆరింటికి ఆయన వాల్తేరు పాసింజరుని టిట్లాగఢ్ దాకా తీసుకెళ్ళాలి. ఆ పూటనుంచి నా చోట్లో సత్తిరాజు. గూడ్సు బళ్ళ మీంచి కొత్తగా వచ్చినవాడు. అప్పటికే షెడ్డులో ఇంజనుకి నిప్పు చేస్తున్నాడు.

గురూగారి రైల్వే కోటరు ముందుగది కిటికీలకి కంబళ్ళు కట్టాం. లోపల ఒకటే ఉక్క. వరహాలమ్మ పిన్ని, అంటే గురూగారి భార్య, ఉతికిన పంచె ఒకటి గోడకి బిగించి, ముడతలు పోవడానికి కింది అంచుకి అప్పడాల కర్ర వేలాడగట్టింది. బల్ల మీద పెట్టె, పెట్టె మీద మిషను, కింద అడిగి తెచ్చిన లారీ బ్యాటరీ. పక్క కోటర్లో ఉండే గార్డుగారి తల్లి దాలమ్మ, తన పీట ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు అందరికంటే ముందొచ్చి కూచుంది.

"మల్లేసూ, ఆట ఇయ్యాలేనా? రేపు రమ్మంటావేటి?" అంది.

మొదట బొమ్మ సగం పంచె మీద, సగం గోడ మీద పడింది. పెట్టె కింద పాత పేపరు మడతపెట్టి ఎత్తాం. ఒక పక్కకి ఒరిగింది. ఇంకో మడత పెట్టాం. బొమ్మ చిన్నదైతే బల్లని వెనక్కి లాగాం, లాగితే బ్యాటరీ తీగ ఊడింది. నేనసలే కోపిష్టివాణ్ణి. మాట వినని మిషన్ని చూస్తే తన్నాలనిపిస్తుంది. గురూగారు మాత్రం ఇంజను దగ్గర ఉన్నట్టే ఓర్పుగా ఉన్నారు.

చివరికి బొమ్మ పంచె మీద కుదురుకుంది కానీ అలుక్కుపోయినట్టు ఉంది. ముందున్న లెన్సు గొట్టం తిప్పితే తేటపడుతుంది. నేను హ్యాండిలు తిప్పుతుంటే ఆయన గొట్టం తిప్పారు. మెల్లిగా మసక విడి, దొరగారి కుక్క కనిపించింది. మీసాలతో సహా కనిపించింది.

"ఆఁ, ఆఁ! సాలు సాలు!" అంది దాలమ్మ.

ఆయన చెయ్యి ఆగలేదు. కుక్క మళ్ళీ మసకలో కలిసిపోయింది. వెనక్కి తిప్పారు. కుక్క వచ్చింది, పోయింది. ఇంకోసారి తిప్పినా అంతే.

"దొర మోసం సేసీసేడు. లెన్సు పాడైపోయినాది," అని ఉత్తరీయంతో గట్టిగా తుడిచారు.

"లెన్సుకేటండీ, కుక్క మీసాలు అవుపిస్తుంటేనూ," అంది పిన్ని.

ఆయన విసురుగా మళ్ళీ తిప్పారు. ఈసారి బొమ్మ తేటపడగానే నేనే అన్నాను, "కుదిరింది గురూగారూ."

"ఆఁ, కుదిరింది," అని చెయ్యి తీసేశారు.

నేను ముందు చెప్పడం, ఆయన వెనక అనడం. ఆ వరస నాకు తెలుసు.

ఇంజను మీద ఒక పద్ధతుంది. సిగ్నల్ రాగానే ఒకరు గట్టిగా చెప్పాలి. రెండోవారు తన కళ్ళతో చూసి తిరిగి చెప్పాలి. స్తంభం మీది చెయ్యి దిగి ఉంటే పోవచ్చు, అడ్డంగా ఉంటే ఆగాలి. స్టేషనుకి ముందుండేది ఔటర్, స్టేషన్లోంచి బండిని బయల్దేరనిచ్చేది స్టార్టర్. "అసలు కనబడకపోతేనో?" అని మొదటి రోజు అడిగాను. "కనబడని సిగ్నల్ డేంజర్ కిందే లెక్క. బండి ఆపీడమే. కనబడిందనుకుని పోయినోడు డ్రైవరు కాడు, హంతకుడు," అన్నారాయన.

మూడేళ్ళపాటు ఆయనే ముందు చెప్పేవారు. పోయిన దసరా నుంచి నేను ముందు. "ఔటర్ దిగింది గురూగారూ!" అంటే "ఆఁ, ఔటర్ దిగింది" అనేవారు. నాకు పెద్దరికం ఇస్తున్నారనుకుని ఛాతీ విరుచుకు తిరిగాను, గాడిదని! ఎనిమిది నెలలుగా ఆ బండిని నడిపింది నా కళ్ళు.

ఇవాళ ఆయన పక్కన సత్తిరాజు ఉంటాడు. మంచివాడే, కానీ డ్రైవరు చెప్పాక తిరిగి చెప్పడమే వాడికి అలవాటు. వాడి కోసం ఆయనా, ఆయన కోసం వాడూ ఎదురుచూస్తుంటే, ఆరంగ్ దాటాక మహానది వంతెన మీద ఏమవుతుంది? వెనక పెట్టెల్లో పిల్లాపాపలతో ఎంతమంది ఉంటారు?

గోడ గడియారం మూడున్నర దాటింది. నాలుగింటికి షెడ్డు నుంచి, డ్యూటీకి పిలిచే కాల్‌మాన్ పుస్తకం పట్టుకుని వస్తాడు. అందులో సంతకం పెట్టారంటే బండి ఆయనదే. చెప్పేద్దామా అంటే, ఇరవై ఆరేళ్ళు ఇంజను తోలిన మనిషిని డాక్టరు ముందు నిలబెట్టి దింపేస్తారు. పెళ్ళాం ముందు, ఇరుగుపొరుగు ముందు ఆ మాట అనడానికి నోరెలా వస్తుంది? చెప్పకుండా బిలాస్‌పూర్ పోతే మట్టుకు నిద్ర పడుతుందా? ముందు నుయ్యి, వెనక గొయ్యి. మొదటి రీలు అయిపోయినా నేను గడియారం వైపే చూస్తున్నాను. ఆయనే వేళ్ళతో తడుముకుంటూ రెండో రీలు ఎక్కించారు.

"నువ్వు కూసోరా. ఇది నాను తిప్పుతాను," అన్నారు.

ఈసారి ఏదో స్టేషను. దొర ప్లాట్‌ఫారం చివర నిలబడి తీసినట్టున్నాడు. పట్టాలు, పట్టాల పక్కన సిగ్నల్ స్తంభం, దూరంగా పొగ. దాలమ్మ చప్పట్లు కొట్టింది.

"మల్లేసూ, నీ సిగ్నల్ వొచ్చీసింది! సెప్పు, బండి పోనిస్తావా, ఆపీస్తావా?"

చెయ్యి దిగే ఉంది. ఉప్పూ పప్పూ తప్ప ఏదీ తెలియని పిన్నికి కూడా కనిపిస్తోంది. గురూగారు హ్యాండిలు తిప్పుతూ, ఎడమ చెవి కొంచెం నా వైపు వంచారు. ఇంజను మీద కూడా అలాగే వంచేవారు. నా గొంతు కోసం చూస్తున్నారు.

మాట నాలిక చివరికొచ్చింది. పళ్ళు బిగించాను. జీవితంలో ఎవరికీ అంత ద్రోహం చేశాననిపించలేదు నాకు. హ్యాండిలు కటకటలాడుతోంది. ఆయన తల ఇంకొంచెం వంచారు.

కటకట నెమ్మదించింది. ఆయన హ్యాండిలు మీంచి చెయ్యి తీసేశారు.

తెర మీద సిగ్నల్ స్తంభం నిలబడిపోయింది. దాని నడుమ గోధుమరంగు మచ్చ పుట్టి పెద్దదైంది. కమురు వాసన కొట్టింది. పిన్ని పరిగెత్తుకొచ్చి తీగ పీకేసింది.

"ఏటయిందిరా?" అంది చీకట్లో దాలమ్మ.

"ఏటీ అవలేదు, పెద్దమ్మా. సిగ్నల్ కనబడలేదు. ఆపీసేను," అన్నారు గురూగారు.

నేను లేచి కంబళి లాగేశాను. పిన్ని ఆయన మొహంలోకి చూసి, పక్కన కూచుంది. అంతలోనే తలుపు కొట్టాడు కాల్‌మాన్ దుకాలూ. పుస్తకం చాపాడు. ఎక్కడ రాయాలో చూపించబోయాను. ఆయన నా చెయ్యి తోసేశారు. వంగి, ముక్కు కాగితానికి ఆనేంత దగ్గరగా పెట్టి, పెద్ద పెద్ద అక్షరాలు రాశారు. అవి గీతలు దాటి కింది డ్రైవరు పేరు మీదికి పోయాయి.

"కా లిఖే హవ్, సాబ్?" అన్నాడు దుకాలూ, ఏం రాశారని.

"ఆంఖ్ ఖరాబ్. దూసరా డ్రైవర్ బులావో," అన్నారాయన, కళ్ళు పాడయ్యాయి, ఇంకో డ్రైవర్ని పిలవమని. దుకాలూ పుస్తకం చంకలో పెట్టుకుని పరిగెత్తాడు.

మిషను సర్దడానికి ఎవరికీ చేతులు రాలేదు. దాలమ్మ కూడా కదల్లేదు. నేను ఏడుస్తున్నానని నాకు తెలుసు, ఆయనకి కనబడదని కూడా తెలుసు. ఆరింటికి యార్డు వైపునుంచి ఇంజను కూత వినిపించింది. ఆయన చెవి వంచి విన్నారు.

"స్టార్టర్ దిగింది," అన్నారు.

ఎనిమిది నెలల తరవాత ఆయనే ముందు చెప్పారు.

"ఆఁ, దిగింది గురూగారూ," అన్నాను నేను.